వాయుసేన పైలట్ ఎంపికకు ఎలా సిద్ధం కావాలి? ముందు కొలతలు, తరువాతే కోచింగ్

ఇంటర్ ఫలితాలు వెలువడిన ప్రతి ఏడాదీ తిరుపతి, చిత్తూరు నుంచి కొందరు తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చి, "సార్, మావాడు యుద్ధ విమానం నడుపుతానంటున్నాడు, ఎక్కడ కోచింగ్ ఇప్పించమంటారు?" అని అడుగుతుంటారు. నేను ముందుగా ఆ పిల్లవాడిని గోడకు ఆనుకుని నిలబడమంటాను. ఎందుకంటే నా దగ్గర భౌతికశాస్త్రం చదువుకున్న ఒక కుర్రవాడు రెండేళ్లు రేయింబవళ్లు శ్రమించి, రాతపరీక్ష గెలిచి, మైసూరులో ఎంపిక మండలిని మెప్పించి, చివరికి తొడ పొడవు పరిమితిని మించిందన్న కారణంతో ఫ్లయింగ్ బ్రాంచికి, అంటే పైలట్ల విభాగానికి, దూరమయ్యాడు. పది రూపాయల టేపుతో ఇంట్లోనే తెలిసిపోయే సంగతి అది. ఆ రోజు వాళ్ల నాయన ముఖం చూశాక, ఎవరు అడిగినా ఈ వరుసలోనే చెబుతున్నాను.

మొదటి పని: శరీరాన్ని కొలుచుకోవడం

ఫ్లయింగ్ బ్రాంచికి కనీస ఎత్తు 162.5 సెంటీమీటర్లు. కూర్చున్నప్పుడు ఆసనం నుంచి నడినెత్తి వరకు ఎత్తు 81.5 నుంచి 96 సెంటీమీటర్ల మధ్య, కాలి పొడవు 99 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య ఉండాలి, తొడ పొడవు 64 సెంటీమీటర్లు మించకూడదు. కాక్‌పిట్‌లో కూర్చున్నవారి పాదాలు పెడళ్లకు అందాలి, తల పైకప్పుకు తగలకూడదు, అత్యవసరంగా సీటుతో సహా బయటికి ఎగిరిపోవలసి వస్తే మోకాళ్లు ముందున్న పరికరాల పలకకు కొట్టుకోకూడదు. అందుకే ఈ కొలతల్లో సడలింపు కోసం ఎవరినీ బతిమాలి లాభం లేదు.

కాలి పొడవు కోసం నేలమీద కూర్చుని నడుమును, వీపును గోడకు గట్టిగా ఆనించి కాళ్లు చాపి, గోడ నుంచి మడమ వరకు కొలవాలి. తొడ పొడవు కోసం స్టూలు మీద గోడకు ఆనుకుని, మోకాళ్లు సరిగ్గా మడిచి కూర్చుని, గోడ నుంచి మోకాలి చిప్ప ముందు భాగం వరకు కొలవాలి. పదహారేళ్ల పిల్లలు ఇంకా ఎదుగుతుంటారు కనుక ఆరు నెలలకోసారి మళ్లీ కొలిచి తేదీతో రాసి పెట్టుకోవడం మంచిది.

రెండవ పని: కన్ను, చెవి, వెన్ను

కంటి విషయంలో చాలామంది అద్దాలు పెట్టుకుంటే సరిపోతుందని అనుకుంటారు, కానీ ఫ్లయింగ్ బ్రాంచికి సరిపోదు. అద్దాలు లేకుండానే ఒక కన్ను 6/6 (మామూలు చూపు), రెండవది 6/9 (మామూలు కన్ను తొమ్మిది మీటర్ల నుంచి చదివేదాన్ని ఆరు మీటర్ల నుంచి చదవగలగడం) ఉండాలి. ఆ రెండవ కంటిని 6/6కు సరిచేసుకునే వీలు దూరదృష్టి, అంటే దగ్గరివి మసకబారే ప్లస్ పవర్, ఉన్నవారికే ఉంటుంది. హ్రస్వదృష్టి, అంటే బోర్డు మీది అక్షరాలు మసకబారే మైనస్ పవర్, ఉండకూడదు. 20 ఏళ్లు నిండకముందు చేయించుకున్న లేజర్ చికిత్స పనికిరాదు కాబట్టి, అద్దాలు వదిలించుకోవాలన్న తొందరలో చిన్న వయసులోనే ఆ చికిత్సకు వెళ్లవద్దని తల్లిదండ్రులకు గట్టిగా చెబుతున్నాను.

రంగుల గుర్తింపు మరొక గండం. ఎరుపు, పచ్చ తేడా స్పష్టంగా తెలియని లోపం తల్లి ద్వారా కొడుకుకు వస్తుంది. అందువల్ల మేనమామలలో ఎవరికైనా ఆ లోపం ఉందని తెలిస్తే పిల్లవాడికి ముందే పరీక్ష చేయించాలి. రంగు చుక్కల మధ్య అంకెను గుర్తుపట్టే ఇషిహారా పుస్తకం కంటి ఆసుపత్రుల్లో సాధారణంగా ఉంటుంది, ఐదు నిమిషాల్లో సంగతి తేలిపోతుంది.

చెవిలో గులిమి పేరుకుని ఉంటే ఆ కారణానికే తాత్కాలికంగా పక్కన పెడతారు. కాబట్టి వెళ్లడానికి రెండు వారాల ముందు చెవి డాక్టరు చేత శుభ్రం చేయించుకోవాలి, ఇంట్లో పిన్నీసులు పెట్టకూడదు. వంకర ముక్కు దూలం, టాన్సిల్స్, పుచ్చిన పళ్లు, మోకాళ్లు ఒరుసుకోవడం, చదునైన పాదాలు, అధిక బరువు కూడా తరచుగా అభ్యంతరానికి కారణమవుతాయి. వెన్నెముకకు ఎక్స్‌రే తీస్తారు. మూర్ఛ, ఉబ్బసం, పాత ఎముక విరుగుళ్లు, ఆపరేషన్లు ఉంటే దాచకుండా చెప్పి, కాగితాలు చూపించాలి. దాచిన విషయం శిక్షణలో బయటపడితే మరింత నష్టం.

మూడవ పని: దారిని ఎంచుకోవడం

ఇంటర్ ఎంపీసీ చదువుతున్నవారికి, ఆ చదువు పూర్తిచేసినవారికి ఎన్‌డీఏ, అంటే జాతీయ రక్షణ అకాడమీ ప్రవేశ పరీక్ష, దారి ఉంది. వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర మధ్య ఉండాలి. 2021 నుంచి అమ్మాయిలు కూడా ఈ పరీక్ష రాస్తున్నారు. తిరుపతిలోనే పరీక్ష కేంద్రం ఉంటుంది. గణితానికి 300, సామాన్య సామర్థ్య పరీక్షకు 600 మార్కులు, తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. డిగ్రీ లేదా ఇంజినీరింగ్ పూర్తిచేసి 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్నవారికి ఏఎఫ్‌క్యాట్ (వాయుసేన సొంత ప్రవేశ పరీక్ష), సీడీఎస్ (ఉమ్మడి రక్షణ సేవల పరీక్ష) ఉన్నాయి, ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ 'సి' సర్టిఫికెట్ ఉన్నవారికి ప్రత్యేక ప్రవేశం ఉంది. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం లేకపోతే ఫ్లయింగ్ బ్రాంచి తలుపు తెరుచుకోదు.

నాలుగవ పని: మైసూరులో జరిగేది తెలుసుకోవడం

మన జిల్లాల వారికి దగ్గరలోని వాయుసేన ఎంపిక మండలి మైసూరులో ఉంది, తిరుపతి నుంచి నేరుగా రైలు దొరుకుతుంది. మొదటి రోజే తార్కిక ప్రశ్నలు, బొమ్మ చూసి కథ రాసి చర్చించే పరీక్ష పెట్టి సగానికి పైగా పంపించివేయడం సాధారణం. నిలిచినవారికి మనస్తత్వ పరీక్షలు, మైదానంలో జట్టు పనులు, ఇంటర్వ్యూ ఉంటాయి. ఒక్కో మాటకు 15 సెకన్ల చొప్పున 60 మాటలకు వాక్యాలు రాయాలి. నేర్చుకొచ్చిన వాక్యాలు ఆ వేగంలో నిలవవు. తెలుగు మాధ్యమంలో చదివినవారు రోజూ అరగంట ఇంగ్లిషులో బిగ్గరగా మాట్లాడటం అలవాటు చేసుకోవాలి.

పైలట్లకు మాత్రమే ఉండే పరీక్ష సీపీఎస్‌ఎస్, అంటే కంప్యూటర్ ఆధారిత పైలట్ ఎంపిక పరీక్ష. పీఏబీటీ అనే పాత పైలట్ సామర్థ్య పరీక్ష స్థానంలో వచ్చిన దీనిని రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ రూపొందించింది. జీవితంలో ఒక్కసారే అవకాశం అన్న నియమంతో చాలాకాలం నడిచిన పరీక్ష కాబట్టి, తాజా నోటిఫికేషన్‌లో ఆ నియమాన్ని చదివి, పూర్తిగా సిద్ధమైన తరువాతే కూర్చోవాలి.

ఇందులో ఒక భాగం పరికరాలను చదవడం. ఎత్తును చూపే గడియారంలో చిన్న ముల్లు వేల అడుగులను, పొడవు ముల్లు వందలను చూపుతాయి. చిన్నది 4కూ 5కూ మధ్య, పొడవుది 6 మీద ఉంటే 4,600 అడుగులు. విమానం ఎటు వాలిందో చూపే పరికరమైన కృత్రిమ క్షితిజంలో విమానం గుర్తు కదలదు, వెనకనున్న గీతే ఒరుగుతుంది. విమానం ఎడమకు వాలితే గీత కుడివైపు కిందికి వాలినట్టు కనబడుతుంది. చాలామంది ఇక్కడే తికమక పడతారు.

దిశలకు తిరుపతి పిల్లలకు ఒక సౌకర్యం ఉంది: ఊరిలో ఎక్కడ నిలబడినా కొండ దాదాపు ఉత్తరాన కనిపిస్తుంది. విమానంలో దిశను ఉత్తరం నుంచి కుడివైపుగా డిగ్రీల్లో చెబుతారు కనుక, మేడ మీదికెక్కి కొండను 000గా అనుకుని, "070లో పోతున్నాను, కుడికి 110 తిరిగితే ఎటు?" అని ప్రశ్నించుకుని వెంటనే ఆ వైపు తిరగాలి. 180, దక్షిణం, కొండ వీపు వెనక. నెల రోజులు ఇలా చేస్తే దిశ ఒంటికి పడుతుంది.

మరొక భాగంలో చేతిలో స్టిక్, కాళ్ల కింద పెడళ్లు పట్టి, తెరమీద జారిపోయే చుక్కను గడిలో నిలుపుతూనే, వెలిగే దీపాలకు, వినిపించే శబ్దాలకు స్పందించాలి. పరీక్షకుడు చెప్పే సూచనల్లో ఒక్క మాట జారినా తిరిగి పట్టుకోవడం కష్టం. స్టిక్‌ను మెల్లగా, చిన్న కదలికలతో తిప్పాలి. కంగారులో గట్టిగా లాగేవారి చుక్క మరింత దూరం పోతుంది.

ఐదవ పని: దమ్ము

ఏఎఫ్‌క్యాట్ ద్వారా అకాడమీకి వెళ్లేనాటికి 1.6 కిలోమీటర్లు పది నిమిషాల్లో పరుగెత్తగలగాలి, 10 పుషప్‌లు, 3 చినప్‌లు తీయగలగాలి. ఇది కనీసమే. అలిపిరి మెట్లు 3,550 ఉన్నాయి, వారానికి ఒకసారి ఎక్కితే దమ్ము బాగా పెరుగుతుంది. దిగేటప్పుడు మాత్రం బస్సులో రండి. పరుగున దిగి మోకాలు నొప్పి తెచ్చుకుని వైద్య పరీక్షకు వెళ్లినవారిని చూశాను.

వైద్య పరీక్షలు ఢిల్లీలో గానీ బెంగళూరులో గానీ జరుగుతాయి. రక్త పరీక్షకు పరగడుపున వెళ్లాలి, ముందు రాత్రి నిండా నిద్రపోవాలి, ప్రయాణపు బడలికతో నేరుగా రైలు దిగి వెళ్లకూడదు. అనర్హత చెబితే అక్కడే కారణం స్పష్టంగా రాయించుకుని, గడువులోగా అప్పీలు మెడికల్ బోర్డుకు, అవసరమైతే ఆపై రివ్యూ బోర్డుకు దరఖాస్తు చేయాలి. గులిమి, బరువు, ముక్కు దూలం వంటివి అప్పీలులోపు సరిచేసుకోవచ్చు. కొలతలు, రంగుల లోపం మారవు. అందువల్ల దరఖాస్తులో ప్రాధాన్యాలు నింపేటప్పుడే టెక్నికల్, గ్రౌండ్ డ్యూటీ బ్రాంచిలకు అర్హత ఉంటే వాటిని కూడా వరుసలో రాసిపెట్టండి.