పాతబడిన ఆరు సిలిండర్ల ఎస్టేట్ కారుని ఇంకా చాలా ఏళ్లు నడిపించడం ఎలా?

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా తేలికవుతుంది. ఈ ఎస్టేట్ కార్లలో (సెడాన్‌లానే ఉండి, పైకప్పు వెనక దాకా సాగి డిక్కీ లోపలి భాగంతో కలిసిపోయేవి) ఇంజన్ ఇనుము అరిగిపోయి పోయినవి తక్కువ, చుట్టూ ఉన్న రబ్బరు ఎండిపోయి, ప్లాస్టిక్ పెళుసుబారి, ఎక్కడో నీళ్లు నిలిచిపోయి పోయినవే ఎక్కువ. రబ్బరుకి, ప్లాస్టిక్‌కి కిలోమీటర్లతో పని లేదు, ఏళ్లతోనే పని. అందుకే "తక్కువ తిరిగింది సార్" అనే మాట విని మురిసిపోకండి, ఇరవై ఏళ్లు షెడ్డులో నిలబడ్డ బండికి కూడా హోస్ పైపులు ఇరవై ఏళ్లవే కదా.

ఇక ఈ బండ్లంటే మాకెందుకంత ఇష్టమంటే, వరసగా ఆరు సిలిండర్లున్న ఇంజన్ తన కదలికలని తనే బ్యాలెన్స్ చేసుకుంటుంది, విడిగా బ్యాలెన్స్ షాఫ్టులు అక్కర్లేదు, ఐడిలింగ్‌లో చెయ్యి పెట్టి చూస్తే ఆన్‌లో ఉందా లేదా అన్నంత నెమ్మదిగా ఉంటుంది. దాని వెనక మంచం కూడా పట్టేంత డిక్కీ. ఇలాంటి కాంబినేషన్ కొత్త కార్లలో దొరకడం చాలా తగ్గిపోయింది, ఉన్నవి కాపాడుకోవాలి.

1. మీ బండి ఏంటో కచ్చితంగా తెలుసుకోండి

మోడల్ పేరు చాలదు, ఇంజన్ కోడ్ కావాలి. బీఎండబ్ల్యూ 5 సిరీస్ టూరింగ్ (ఎస్టేట్‌కి వాళ్ల పేరు) అంటే బాడీ కోడ్ ఈ39 కావచ్చు ఈ61 కావచ్చు, లోపల ఎం54 ఇంజన్ ఉంటే ఒక కథ, ఎన్52 ఉంటే ఇంకో కథ. ఎన్52 బ్లాకులో (ఇంజన్ ప్రధాన బాడీలో) మెగ్నీషియం ఉంటుంది, దాని బోల్టుల్లో చాలావరకు అల్యూమినియంవి, ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు, కొత్తవే వెయ్యాలి. మెర్సిడెస్ ఎస్124 ఎస్టేట్‌లో ఎం103 ఉందా ఎం104 ఉందా చూడాలి, ఎం104 ఐతే 1993 నుంచి 1995 మధ్య వచ్చినవాటిలో ఇంజన్ వైరింగ్ పైపొర పొడిపొడిగా రాలిపోయే సమస్య ఉంది, ఆ వైరింగ్ ఇంతకుముందు మార్చారా లేదా అన్నది మొదటి ప్రశ్న.

ఛాసిస్ నంబరుతో పార్ట్ నంబర్లు వెతకడం అలవాటు చేసుకోండి, ఒకే ఏడాది బండ్లలో కూడా ఏ నెలలో తయారైంది అన్నదాన్నిబట్టి పార్టులు మారిపోతుంటాయి. ఒక నోట్‌బుక్ పెట్టి, ఏది ఎప్పుడు ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో రాసుకుంటూ పోండి. రుజువు లేని పనిని చెయ్యని పని కిందే లెక్కవేయాలి.

2. అన్నిటికంటే ముందు కూలింగ్

డబ్బులు ఒక్క పనికే ఉన్నాయంటే అవి ఇక్కడే పెట్టమంటా. అల్యూమినియం ఇంజన్ ఒక్కసారి బాగా వేడెక్కితే హెడ్ (ఇంజన్ పై భాగం) వంగిపోద్ది, ఎం54 లాంటి వాటిలో ఐతే హెడ్ బోల్టులు పట్టుకునే మరలు కూడా బ్లాకులోంచి ఊడొచ్చేస్తాయి, అప్పుడు బండి రేటు కంటే రిపేరు ఖర్చే ఎక్కువైపోద్ది.

ఎం54 బండ్లలో రేడియేటర్ పక్క ట్యాంకులు, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచి మూసే వాల్వు) బాడీ, హోసుల చివర్లు అన్నీ ప్లాస్టిక్. ఇవి ముందు చిన్న చెమ్మతో మొదలుపెట్టి హఠాత్తుగా పగిలిపోతాయి. ఒక్కోటి పోయినప్పుడు ఒక్కోటి మార్చుకుందాంలే అనుకోవద్దు, అన్నీ ఒకే వయసువి, వాటర్ పంపు, థర్మోస్టాట్, ట్యాంకు, మూత, పైన కింద హోసులు, బెల్టు, టెన్షనర్ అన్నీ ఒకేసారి వేసేసి తారీఖు రాసుకోండి. ఎన్52 లో వాటర్ పంపు కరెంటుతో నడుస్తుంది, అది లీకు చూపించకుండానే ఆగిపోగలదు, కాబట్టి కింద తడి లేదు కదా అని ధీమాగా ఉండకూడదు.

మీటర్‌లో ముల్లుని కూడా పూర్తిగా నమ్మకండి. ఆ కాలం బీఎండబ్ల్యూల్లో టెంపరేచర్ కొంచెం అటూఇటూ ఐనా ముల్లు మధ్యలోనే ఉండేలా చేశారు, అది కదిలిందంటే అప్పటికే ఆలస్యం అన్నమాట. ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు, కోడ్‌లు చదివే చిన్న పరికరం) పెట్టి అసలు డిగ్రీలు చూడండి. వేడెక్కాక ఎం54 మామూలుగా 90 నుంచి 100 మధ్య నడుస్తుంది, హైవే మీద 75 దగ్గరే ఉండిపోతోందంటే థర్మోస్టాట్ తెరుచుకుపోయి ఇరుక్కుందని, ట్రాఫిక్‌లో పెరుగుతూ పోతోందంటే ఫ్యాన్ సంగతి చూడాలని. ముల్లు పైకి లేస్తే ఇంకో కిలోమీటరే కదా అనుకోకుండా పక్కకి ఆపి ఇంజన్ కట్టేయండి, వేడి మీద మూత తియ్యొద్దు.

కూలెంట్ నింపేటప్పుడు గాలి తియ్యడం కొంచెం ఓపికతో చెయ్యాల్సిన పని. ఈ39, ఈ46 (3 సిరీస్) లలో ఇలా చెయ్యండి: చల్లటి ఇంజన్, ముందు భాగం కాస్త ఎత్తులో, ఇగ్నిషన్ ఆన్ చేసి హీటర్‌ని పూర్తి వేడికి పెట్టి ఫ్యాన్ స్లోలో పెట్టండి, ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దు. ట్యాంకు మూత పక్కన ప్లాస్టిక్ స్క్రూ ఉంటుంది, దాన్ని వదులు చేసి కూలెంట్ సన్నధారగా పొయ్యండి. మొదట ఆ స్క్రూ దగ్గర బుస్సుమని గాలి, తర్వాత నురగ, తర్వాత బుడగలతో కలిసి నీళ్లు, చివరికి ఒక్క బుడగ లేకుండా ధార వస్తుంది, అప్పుడు స్క్రూ బిగించండి. చేత్తో తిప్పినంత మెల్లగానే, పాత స్క్రూ ఐతే గట్టిగా బిగిస్తే తల ఊడి చేతిలోకొస్తుంది. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు ట్యాంకులో ఎర్ర పుల్ల ఎంత ఎత్తులో ఉందో చూసి తక్కువుంటే కలపండి. కంపెనీ చెప్పిన రకం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం, రంగు ఒకటే కదా అని వేరే రకం కలపొద్దు.

3. ఆయిల్: ఎక్కడ పోతోంది, ఎక్కడ కాలుతోంది

ఎం54 లో ఫిల్టర్‌తో కలిపి 6.5 లీటర్లు పడుతుంది, పెట్రోల్ బీఎండబ్ల్యూలకి లాంగ్‌లైఫ్-01 ఆమోదం ఉన్న ఆయిల్ చూసుకోండి. కంపెనీ కొత్తలో చెప్పిన పొడవైన గడువులు ఇప్పుడొద్దు, 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అప్పుడు.

లీకుల్లో మొదట చూడాల్సినవి రెండు. వాల్వ్ కవర్ గాస్కెట్ (రెండు భాగాల మధ్య లీకు ఆపే పొర) గట్టిపడితే ఆయిల్ బయటికి కారి ఎగ్జాస్ట్ మీద పడి మాడు వాసనొస్తుంది, లోపలికి కారితే ప్లగ్గుల గుంతల్లో నిండిపోద్ది. రెండోది ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్, దాని ఖరీదు చాలా తక్కువ కానీ బీఎండబ్ల్యూల్లో అక్కడినుంచి కారిన ఆయిల్ బెల్టు మీద, ఆల్టర్నేటర్ మీద పడుతుంది కాబట్టి వదిలేస్తే పక్కవాటిని కూడా తినేస్తుంది. ఎం104 లో ఐతే హెడ్ గాస్కెట్ వెనక మూల నుంచి ఆయిల్ చెమర్చడం బాగా తెలిసిన జబ్బు, చెమర్చడం ఒకటి, కూలెంట్‌లో కలవడం ఒకటి, మొదటిదానికి కంగారు పడక్కర్లేదు.

బయట ఎక్కడా చుక్క లేదు, ఐనా ఆయిల్ తగ్గిపోతోంది, స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగ... వెంటనే పిస్టన్ రింగులు పోయాయి ఇంజన్ విప్పాలి అనేస్తారు, ఆగండి. ఎం54 లో ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద సీసీవీ అని ఒక వాల్వు ఉంటుంది, ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి లాగేది, దాని లోపలి పల్చటి రబ్బరు చిరిగితే ఇంజన్ తన ఆయిల్‌ని తనే పీల్చేసుకుంటుంది. టెస్ట్ ఇంట్లోనే చెయ్యొచ్చు, ఐడిలింగ్‌లో ఆయిల్ మూత తీసి ఆ కంత మీద పల్చటి ప్లాస్టిక్ కవర్ పెట్టండి. కొంచెం లోపలికి లాగితే మామూలే, గట్టిగా లోపలికి గుంజేసి ఇంజన్ ఐడిలింగే మారిపోతుంటే ఆ వాల్వు పోయింది. వాల్వు మారిస్తే దాని నాలుగు హోసులు కూడా మార్చండి, పాతవి చేత్తో ముట్టుకుంటేనే విరిగిపోతాయి. పని ఇరుకు, చేతులు గీసుకుపోతాయి, ఒక రోజంతా పెట్టుకోండి.

4. మిస్సింగ్ వస్తే ఊహించకండి, మార్చి చూడండి

ఓబీడీలో పీ0301 నుంచి పీ0306 దాకా కోడ్‌లు ఏ సిలిండర్ మిస్ అవుతోందో (సరిగ్గా మండక తడబడుతోందో) చెప్తాయి. పీ0303 వచ్చిందనుకోండి, మూడో సిలిండర్ కాయిల్ (ప్లగ్గుకి కరెంటు ఇచ్చేది) తీసి ఐదోదానికి, ఐదోది మూడోదానికి పెట్టి, కోడ్ తుడిచేసి నడపండి. కోడ్ పీ0305 కి మారితే కాయిల్ పోయింది, ఒక్కటి కొంటే చాలు. మూడు దగ్గరే ఉంటే ప్లగ్గులు అలాగే మార్చి చూడండి, అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్. కంప్రెషన్‌లో అంకె కంటే ఆరూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం.

పీ0171, పీ0174 రెండూ కలిసి వచ్చాయంటే ఎక్కడో దొంగగాలి లోపలికి వెళ్తోందని. ఎయిర్ ఫ్లో సెన్సార్ కొనేముందు ఇన్‌టేక్ రబ్బరు గొట్టాన్ని విప్పి, చేత్తో వంచి మడతల మధ్య చూడండి, చీలికలు అక్కడే దాక్కుని ఉంటాయి, నిటారుగా ఉన్నప్పుడు కనపడవు. దొరక్కపోతే స్మోక్ టెస్ట్ చేయించండి, పార్టులు గుడ్డిగా మార్చుకుంటూ పోవడం కంటే చాలా చవక.

టైమింగ్ (వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి సరిపడా కదిలేలా చేసేది) గురించి ఒక్క మాట. ఇక్కడ చెప్పిన బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ వరస ఆరులకి చైన్. పాత వోల్వో 960 ఎస్టేట్, ఆడీ ఏ6 అవంత్ 30 వాల్వుల వీ6 లాంటి వాటికి బెల్టు, అది తెగితే వాల్వులు వంగుతాయి, ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే బండి నడపకుండా ముందు అది మార్పించండి.

5. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం ఉండదు

చాలా బీఎండబ్ల్యూ ఆటోమేటిక్ గేర్‌బాక్సుల మీద లైఫ్‌టైమ్ అని స్టిక్కర్ ఉంటుంది. వాటిలో చాలా గేర్‌బాక్సులు తయారు చేసిన జెడ్ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 120,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటోంది, అది చాలు నాకు. ఫిల్టర్, గాస్కెట్‌తో పాటు మార్చండి, లెవెల్ మాత్రం ఇంజన్ ఆన్‌లో ఉండగా, ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే చూడాలి. ముఖ్యంగా, అన్నిటికంటే ముందు నింపే బోల్టు ఊడుతుందో లేదో చూసుకుని ఆ తర్వాతే కింద బోల్టు విప్పండి, ఖాళీ చేశాక నింపే బోల్టు రాకపోతే బండి ఎక్కడున్నది అక్కడే.

6. ఎస్టేట్‌కే ప్రత్యేకమైన పని: వెనక భాగం

సెడాన్ వాళ్లకి తెలియని బాధలన్నీ ఇక్కడే. డిక్కీ తలుపు తెరిచినప్పుడల్లా వంగే రబ్బరు గొట్టంలో వైర్ల కట్ట ఉంటుంది, ఏళ్ల తరబడి వంగి వంగి లోపల తెగిపోతాయి. లక్షణాలు వింతగా ఉంటాయి, నంబర్ ప్లేట్ లైటు పోతుంది, వెనక వైపర్ తనంతట తనే కదులుతుంది, రేడియో సరిగ్గా రాదు, తాళం వేసినా తెరుచుకుంటుంది. రబ్బరు గొట్టాన్ని కీలు దగ్గర నుంచి లాగి ఒక్కో వైరు వేలితో తడిమి చూడండి, పైపొర చిట్లినచోట వేలికి తగుల్తుంది. టేపు చుట్టి వదిలేస్తే నెలల్లో మళ్లీ వస్తుంది, వంపుకి రెండు వైపులా దూరంగా కోసి మధ్యలో మెత్తటి సిలికాన్ వైరు వేసి సోల్డర్ చెయ్యాలి, జాయింట్లన్నీ ఒకేచోట పడకుండా కొంచెం ముందు వెనకగా.

తర్వాత నీళ్లు. కార్పెట్ ఎత్తి స్టెప్నీ గుంతలో చెయ్యి పెట్టి చూడండి, తడి ఉందంటే సన్‌రూఫ్ డ్రెయిన్లు, వెనక లైట్ల గాస్కెట్లు, రూఫ్ రెయిల్ బోల్టులు, డిక్కీ రబ్బరు, ఈ నాలుగిట్లో ఏదో ఒకటి. ఈ61 లో ఐతే పనోరమిక్ సన్‌రూఫ్ డ్రెయిన్ పైపు వెనక చివర ఊడి, ఆ నీళ్లు డిక్కీలో ఉన్న ఎలక్ట్రానిక్ మాడ్యూళ్ల మీద పడతాయి. కనిపెట్టాలంటే లోపల అంతా ఆరబెట్టి, పేపర్లు పరిచి, బయటనుంచి కింద మొదలుపెట్టి పైకి ఒక్కోచోట కాసేపు నీళ్లు పొయ్యండి, పేపరు ఎక్కడ ముందు తడిసిందో చూడండి. డ్రెయిన్ మూసుకుపోతే గట్టి గాలి కొట్టొద్దు, లోపల పైపు ఊడిపోద్ది, మెత్తటి నైలాన్ తాడు నెమ్మదిగా దూర్చండి.

ఇక సస్పెన్షన్. ఎస్124 లో వెనక హైడ్రాలిక్ సెల్ఫ్ లెవెలింగ్ ఉంటుంది, నైట్రోజన్ నింపిన గుండ్లు పోతే వెనక భాగం రాయిలా గట్టిపడి ప్రతి గుంతకీ ఎగురుతుంది, చాలామంది షాక్ అబ్జార్బర్లు అనుకుని పొరబడతారు. దానికి చెప్పిన ఆయిలే పొయ్యాలి, చేతికందింది కాదు. చాలా ఈ39 టూరింగ్‌లలో వెనక గాలి స్ప్రింగులు, పొద్దున్నకి ఒక పక్క కిందికి దిగి ఉందంటే ఆ రబ్బరు సంచి చీలింది. లీకు ఉంటే వెంటనే చూడండి, గాలి నింపీ నింపీ కంప్రెసర్ కాలిపోతుంది, సంచి ఖర్చు ఒకటైతే దాని ఖర్చు ఇంకోటి.

బండి కింద దూరేముందు జాకీ ఒక్కటే నమ్మొద్దు, స్టాండ్లు పెట్టండి, జాకీ పెట్టే పాయింట్లు తుప్పు పట్టి ఉన్నాయేమో స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. తుప్పు కోసం ఇంకా చూడాల్సినవి చక్రాల ఆర్చీలు, డిక్కీ తలుపు కింది అంచు, సిల్స్ (డోర్ల కింద పొడవుగా ఉండే బాడీ భాగం). డోర్ల కింద నీళ్లు పోయే కంతలు పుల్లతో తెరిచి ఉంచండి.

7. పనుల వరస

మొదటి నెల కూలింగ్, ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్, బెల్టులు, టైర్ల వయసు. టైరు పక్కన డీఓటీ అక్షరాల చివర నాలుగంకెలు వారం, ఏడాది చెప్తాయి, 2314 అంటే 2014 లో 23వ వారం, ట్రెడ్ ఎంతున్నా మార్చాల్సిందే. తర్వాత సీసీవీ, గాస్కెట్లు, గేర్‌బాక్స్ ఆయిల్. ఆ తర్వాత బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బర్లు), షాక్ అబ్జార్బర్లు. ఏసీ, సీట్లు, పెయింటు అన్నీ చివర్లో.

కూలింగ్ పార్టులు, సెన్సార్లు కొనేటప్పుడు ఆ కంపెనీకి అసలు తయారుచేసి ఇచ్చినవాళ్లవి తీసుకోండి, బెహర్, మాలే, బాష్ లాంటివి, లోగో ఒక్కటే తేడా. డిక్కీ లోపలి కవర్లు, బ్లైండ్, వెనక గ్లాసు తాళం లాంటి ఎస్టేట్‌కి మాత్రమే వచ్చే పార్టులు మాత్రం కొత్తవి దొరకడం కష్టమవుతోంది, స్క్రాప్ బండి కనపడితే అవసరం లేకపోయినా తీసి దాచుకోండి.

వారానికోసారైనా పూర్తిగా వేడెక్కేదాకా నడపండి, చిన్న చిన్న దూరాలే తిప్పితే ఆయిల్‌లో తేమ చేరి మూత కింద తెల్లటి నురగ కడుతుంది. అది కనపడితే హెడ్ గాస్కెట్ అని బెదిరిపోకుండా, ఒక గంట హైవే మీద నడిపి మూత తుడిచి కొన్నాళ్లకి మళ్లీ చూడండి, మళ్లీ కట్టి, కూలెంట్ కూడా తగ్గుతుంటేనే మెకానిక్ దగ్గర కూలింగ్ సిస్టమ్‌కి ప్రెషర్ టెస్ట్ పెట్టించండి.