రోమ్‌లో జూలై, ఆగస్టు: శిల్పాలు, కట్టడాలు చూడబోయేవారికి జాగ్రత్తలు

రామగుండం, రెంటచింతల ఎండలు చూసినవాళ్లకు రోమ్‌లో 35 డిగ్రీలు ఒక లెక్కలోకి రావు. దెబ్బ తినేది అక్కడే. మే నెలలో మన ఊళ్లో మిట్టమధ్యాహ్నం పనిలేకుండా ఎవరూ రోడ్డెక్కరు. అదే మనిషి రోమ్ వెళ్లాక, డబ్బు పెట్టి వచ్చాం కదా అని పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా రాళ్ల మీద తిరుగుతాడు. కాళ్ల కింద నల్లరాయి, చుట్టూ రాతి గోడలు వేడిని పట్టుకుని తిరిగి మన మీదికే వదులుతుంటాయి.

అందుకే రోజును రెండు ముక్కలు చేసుకోండి. పొద్దున ఏడున్నర నుంచి పన్నెండు వరకు ఒకటి, సాయంత్రం ఐదు నుంచి చీకటి పడేదాకా ఇంకొకటి. జూలై మొదట్లో పొద్దు గుంకేది రాత్రి 8:45 ప్రాంతంలో, కాబట్టి సాయంత్రం చాలా సమయం దొరుకుతుంది. మధ్యలో గదికి వెళ్లి పడుకుంటే పోయేదేమీ లేదు, చాలా చర్చిలు ఎలాగూ పన్నెండున్నరకు మూసి మళ్లీ మూడుకో నాలుగుకో తెరుస్తారు. మైకెలాంజెలో మోషే విగ్రహం ఉన్న సాన్ పియెత్రో ఇన్ విన్‌కొలి దగ్గరికి ఒంటిగంటకు ఎండలో చెమటోడ్చి వెళ్తే కనిపించేది మూసిన తలుపే. చర్చిల వేళలు ముందురోజు రాత్రే చూసుకోండి. జేబులో 50 సెంట్ల, ఒక యూరో నాణేలు ఉంచుకోండి. కొన్ని చర్చిల్లో పెట్టెలో నాణెం వేస్తేనే చిత్రం మీద దీపం వెలుగుతుంది, కొద్ది నిమిషాలకే ఆరిపోతుంది.

నీడ తక్కువగా ఉండే చోటు రోమన్ ఫోరం, అంటే పాత రోమ్ నగర కేంద్రం శిథిలాలు. పదకొండు దాటాక అందులో ఉండకండి. కలోసియంకు పొద్దున 8:30 స్లాట్ తీసుకుని, తర్వాత ఫోరం త్వరగా చూసి, చెట్లున్న పాలటైన్ కొండెక్కడం మంచి క్రమం. కలోసియం టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు, పేరు తారుమారైతే గేటు దగ్గర చిక్కు. గాజు సీసాలు, పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు.

నీళ్లు కొననక్కర్లేదు. వీధి వీధికీ పోత ఇనుముతో చేసిన కుళాయి స్తంభాలుంటాయి, వీటిని నజోనె అంటారు. 1870ల నుంచీ ఉన్నవే, నీళ్లు చల్లగా ఉంటాయి, తాగడానికి మంచివి. ధార ఆగకుండా కిందికి పడుతుంటుంది. గొట్టం కొనను వేలితో మూస్తే, దాని వంపు మీద ఉన్న చిన్న రంధ్రం నుంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, నోరు అక్కడ పెట్టి తాగొచ్చు. సీసా నింపాలంటే మాత్రం వేలు అడ్డు పెట్టొద్దు. రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఒక గళ్ల తువ్వాలు బ్యాగులో పెట్టుకోండి. తువ్వాలు తడిపి మెడ మీద వేసుకోవచ్చు, చర్చిలో భుజాల మీద కప్పుకోవచ్చు.

భుజాలు, మోకాళ్లు కనపడే బట్టలతో వాటికన్‌లోని పెద్ద చర్చి సెయింట్ పీటర్స్ బసిలికాలోకి రానివ్వరు. ఎండలో గంటసేపు లైన్లో నిలబడ్డాక వెనక్కి పంపితే ఆ బాధ చెప్పలేం. చీరకు ఇబ్బంది లేదు, స్లీవ్‌లెస్ జాకెట్టయితే కొంగు నిండా కప్పుకోండి. మగవాళ్లు నిక్కర్లు మానేయాలి. గోపురం ఎక్కడానికి 551 మెట్లు, లిఫ్ట్ తీసుకున్నా ఇంకా 320 మిగులుతాయి. పైకి పోయేకొద్దీ గోపురం వంపుకు తగ్గట్టు గోడ పక్కకు ఒరుగుతుంది, మనమూ ఒరిగే నడవాలి. మధ్యలో వెనక్కి తిరగడానికి వీలుండదు. మోకాళ్ల నొప్పులు, ఇరుకంటే భయం ఉన్నవాళ్లు కింద మైకెలాంజెలో పియెతా (చనిపోయిన యేసును ఒడిలో పెట్టుకున్న మరియ విగ్రహం) దగ్గర ఆ సమయం గడపడం మేలు.

చెప్పులు వద్దు. రోమ్ వీధుల్లో పరిచేది సాన్‌పియెత్రీని అనే నల్లరాతి దిమ్మెలు. అరిగి నున్నగా ఉంటాయి, సందుల్లో మడమ ఇరుక్కుంటుంది, వాన పడితే జారుతాయి. వేసవిలో ఉరుములతో వానలు అప్పుడప్పుడూ వస్తాయి. పాంథియాన్ అనే పాత రోమన్ గుడి గోపురానికి పైన రంధ్రం తెరిచే ఉంటుంది కదా, వాన నేరుగా పాలరాతి నేల మీద పడుతుంది. ఆ సమయంలో పైకి చూస్తూ నడవొద్దు, నిలబడి చూడండి.

గలెరియా బొర్గేసె అనే కళా మ్యూజియానికి ముందే బుక్ చేసుకోవాలి. ఒక్కో స్లాట్ రెండు గంటలే, సోమవారం సెలవు. సంచులు కింద ఇచ్చి వెళ్లాలి కాబట్టి పావుగంట ముందే చేరండి. పటాలన్నీ చూద్దామనుకుంటే ఏదీ చూసినట్టుండదు. బెర్నీని అనే శిల్పి చెక్కిన విగ్రహాలకు సగం సమయం ఉంచండి. పాతాళ దేవుడు ప్లూటో ప్రొసెర్పినా దేవతను ఎత్తుకుపోతున్న శిల్పంలో ఆమె తొడ మీద అతని వేళ్లు దిగిన చోట పాలరాయి మెత్తటి చర్మంలా నొక్కుకుపోయి ఉంటుంది. ఆమె చెంప మీద కన్నీటి చుక్క పక్కనుంచి చూస్తేనే బాగా తెలుస్తుంది. చుట్టూ తిరగండి, చేయి మాత్రం వేయకండి. చేతి చెమట, జిడ్డు పాలరాయిలోకి ఇంకి మచ్చ కడతాయి. సెయింట్ పీటర్స్‌లో కూర్చున్న పీటరు కంచు విగ్రహానికి భక్తుల చేతులు తగిలి తగిలి కుడిపాదం వేళ్లు అరిగిపోయాయి. కంచుకే ఆ గతి.

2019 నుంచి స్పానిష్ మెట్ల మీద కూర్చుంటే జరిమానా. ట్రెవీ ఫౌంటెన్‌లో కాళ్లు పెట్టినా అంతే. టెర్మినీ స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64 నంబరు బస్సులోను, మెట్రోలోను బ్యాగు ముందుకు వేసుకోండి. కాగితం టికెట్ కొన్నాక బస్సు మెషీన్లో ముద్ర వేయించుకోకపోతే అది టికెట్ లేనట్టే లెక్క.

తల తిరగడం, వికారం, కండరాలు పట్టేయడం మొదలైతే ఆ రోజుకు చూసింది చాలు. నీడలో పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి, ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా, మనిషి తికమకపడుతున్నా అది వడదెబ్బ. వెంటనే 112కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డ పెట్టి విసరండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.