అప్రైజల్ గదిలోకి వెళ్ళేముందు

మార్చి వచ్చిందంటే మా ఆఫీసు క్యాంటీన్‌లో టీ అమ్మకాలు పెరుగుతాయి. ఇద్దరు ముగ్గురు చొప్పున జనం మూలల్లో చేరతారు. "నీది అయిందా?" "నాది రేపు." "ఏమన్నాడు?" ఏప్రిల్ 1తో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది కాబట్టి హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో చాలావాటికి ఇదే అప్రైజల్ సీజన్, అంటే ఏడాది పనికి రేటింగ్ ఇచ్చే కాలం. అర్ధరాత్రి సర్వర్ కూలినా చలించనివాళ్ళు కూడా ఆ అరగంట మాటలకు బెంబేలెత్తిపోవడం చూశాను. బల్లకు రెండు వైపులా కూర్చున్నవాణ్ణి. మొదటి ఆరేళ్ళు రేటింగ్ వినేవాణ్ణి, ఆ తర్వాత చెప్పేవాణ్ణి.

నా మొదటి అప్రైజల్ ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. మేనేజర్ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి "మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్. ఓకేనా?" అన్నారు. అంటే పని ఫర్వాలేదు అనే మామూలు రేటింగ్. ఓకే కాదు. ఆ ఏడాది సంక్రాంతి, ఉగాది రెండూ ఆఫీసులోనే గడిచాయి. కానీ నా నోట్లోంచి వచ్చింది "నో ప్రాబ్లమ్ సార్". పైగా థాంక్యూ కూడా చెప్పాను. ఆ రాత్రి బస్సులో మియాపూర్ దాకా చెప్పాల్సినవన్నీ మనసులో చెప్పుకుంటూ వెళ్ళాను. ఎంత బాగా చెప్పానో! పక్క సీటాయన నిద్రపోతున్నాడు.

కింద రాసినవన్నీ ఆ బస్సు ప్రయాణం మీకు తప్పాలని రాస్తున్నవి.

రేటింగ్ ఎక్కడ తేలుతుంది

చాలామంది ఆ మీటింగ్‌లోనే తమ రేటింగ్ తేలుతుందనుకుని, ధైర్యమంతా దానికోసం దాచుకుంటారు. నిజానికి ఆపాటికి అది దాదాపు ఖరారైపోయి ఉంటుంది. అంతకుముందే మేనేజర్లందరూ ఒకరోజు కూర్చుని నార్మలైజేషన్ చేస్తారు. పైన ఇంతమంది, మధ్యలో ఇంతమంది, కింద ఇంతమంది అని బెల్ కర్వ్‌లో సర్దుతారు. మైక్రోసాఫ్ట్ ఇలాంటి ర్యాంకింగ్‌ని 2013లోనే వదిలేసింది. మన దగ్గర అది పేర్లు మార్చుకుంటూ చాలాచోట్ల బతికే ఉంది. ఆ గదిలో మీరుండరు. మీ తరఫున మాట్లాడేది మీ మేనేజరే. పదిహేనుమంది గురించి వరసగా చెప్పాల్సిన మనిషికి, మీరు సెల్ఫ్ అప్రైజల్‌లో, అంటే ఏడాదంతా ఏం చేశారో మీరే నింపే ఫారంలో, రాసిచ్చిందే ఆధారం.

కాబట్టి ఫిబ్రవరిలోనే, ఫారం తెరవకముందే, ఒక పదిహేను నిమిషాలు అడిగి తీసుకోండి. "నెక్స్ట్ లెవల్‌కి నేను ఎక్కడ తక్కువ పడుతున్నానో చెప్తారా?" అని అడగండి. అప్పటికి ఏదీ తేలలేదు కాబట్టి ఇద్దరికీ టెన్షన్ ఉండదు. మార్చిలో అదే ప్రశ్న వేస్తే ఫిర్యాదులా వినిపిస్తుంది.

ఇక ఫారం. "చాలా మాడ్యూల్స్‌లో కష్టపడి పనిచేశాను" అని రాస్తే మీ మేనేజర్ ఆ గదిలో దాన్ని పైకి చదవలేడు. "నెలాఖరు బిల్లింగ్ రిపోర్టుకు ఆరు గంటలు పట్టేది. క్వెరీలు తిరగరాసి నలభై నిమిషాలకు తెచ్చాను. జూన్ నుంచి ఆ పనికి ఎవరికీ నైట్ డ్యూటీ పడలేదు." ఇలా రాస్తే ఉన్నదున్నట్టు చదివేస్తాడు. మనకు గుర్తుండేవి ఆఖరి రెండు నెలలే కాబట్టి, పంపిన మెయిల్స్, టికెట్లు, క్యాలెండర్ కిందటి ఏప్రిల్ దాకా వెనక్కి తిరగేయండి. సగం రోజు పడుతుంది. పట్టనివ్వండి.

"నాదేముందండీ, టీమ్ అంతా చేశారు" అనే మాట మన నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పెళ్ళిళ్ళలో, పెద్దల దగ్గర అది వినడానికి బాగుంటుంది. ఫారంలో రాస్తే ఆ పని ఎవరి ఖాతాలోకీ వెళ్ళదు. పక్కవాళ్ళు చేసింది వాళ్ళ పేరుతో రాయండి, మీరు చేసింది మీ పేరుతో రాయండి. అందులో గొప్పలేం లేవు.

ముందురోజు

ఒక్క కోరిక ఎంచుకోండి. హైక్, ప్రమోషన్, ప్రాజెక్ట్ మార్పు, వర్క్ ఫ్రమ్ హోమ్, నాలుగూ అడిగితే మేనేజర్ వాటిలో తనకు తేలికైనది ఇచ్చి లేస్తాడు. ఆ కోరికను ఒక వాక్యంగా రాసుకుని మూడుసార్లు పైకి అనండి. మనసులో అనుకోవడం వేరు, మొదటిసారి పైకి అన్నప్పుడు నాలుక తడబడుతుంది. ఆ తడబాటేదో ఇంట్లో కుక్కర్ ముందు అయిపోవాలి. రేపు ఇంగ్లీషులో మాట్లాడాల్సి ఉంటే ఇంగ్లీషులోనే అనండి.

మనకో అలవాటుంది. కథ మొదట్నుంచీ చెప్పుకొచ్చి, అడగాల్సింది ఆఖర్న, మెల్లగా, "అందుకని... వీలైతే..." అంటూ వదులుతాం. ఆ ఆఖరు వచ్చేలోపు అవతలాయనకు ఫోన్ వస్తుంది. అడగాల్సింది ముందు అడిగేసి, కారణాలు ఆ తర్వాత చెప్పండి. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. ఆఫీసులో అడిగినా ఒక్కోసారి పెట్టరనుకోండి, కానీ అడిగిన సంగతి రికార్డులో ఉంటుంది.

రెండు నిమిషాలు నడుం మీద చేతులు పెట్టుకుని వీరుడిలా నిలబడితే హార్మోన్లే మారిపోతాయని వీడియోలు తిరుగుతుంటాయి. అది 2010లో 42 మందితో చేసిన ప్రయోగం. 2015లో 200 మందితో మళ్ళీ చేసి చూస్తే హార్మోన్లలో ఆ తేడా కనిపించలేదు. మొదటి పరిశోధన చేసినవాళ్ళలో ఒకరైన డానా కార్నీ 2016లో తానే ఇక దాన్ని నమ్మడం లేదని ప్రకటించారు. అలా నిలబడితే నష్టమేమీ లేదు గానీ, ఆ రెండు నిమిషాల్లో మీ కాగితం ఒకసారి చదువుకోవచ్చు.

చేతులు వణకకుండా ఉంటాయని ఫ్రెండ్ దగ్గర గుండె వేగం తగ్గించే ప్రొప్రనొలాల్ మాత్ర తీసుకుని మింగేవాళ్ళున్నారు. అది ఆటలాడే మందు కాదు. ఆస్తమా ఉన్నవాళ్ళకు ఊపిరి అందకుండా చేస్తుంది, గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్ళకూ ప్రమాదమే. డాక్టర్ మిమ్మల్ని చూసి రాస్తే తప్ప వద్దు.

ఆ గంట

రోజూ తాగే కాఫీ తాగండి, రెండోది వద్దు. కెఫీన్ తాగిన ఐదు గంటలకు కూడా సుమారు సగం ఒంట్లోనే ఉంటుంది. గుండెదడ దానివల్లో భయంవల్లో తేల్చుకోలేక కూర్చుంటారు. నీళ్ళ బాటిల్ లోపలికి తీసుకెళ్ళండి, దాని సంగతి కింద చెప్తాను. శ్వాస విడిచేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది కాబట్టి, నాలుగు లెక్కపెడుతూ పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలండి. మూడు నిమిషాలు చాలు. లిఫ్ట్ బదులు మెట్లెక్కి, రొప్పుతూ మాత్రం వెళ్ళకండి.

గదిలో మౌనం

ఇదొక్కటి ముందే తెలిసుంటే నా ఆరేళ్ళు వేరేగా ఉండేవి.

ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపడానికీ ఇంకొకరు అందుకోవడానికీ మధ్య ఖాళీ సగటున సెకనులో ఐదో వంతే ఉంటుంది. 2009లో వేర్వేరు దేశాల పది భాషలను పోల్చి చూసిన పరిశోధనలో తేలిన లెక్క ఇది. అందుకే రెండు సెకన్ల నిశ్శబ్దం కూడా పాడుబడ్డ బావిలా అనిపిస్తుంది. అందులో పడకుండా ఏదో ఒకటి అనేస్తాం. "పర్లేదు సార్", "మీ ఇష్టం సార్", "ఊరికే అడిగాను." అంతసేపూ కష్టపడి అడిగింది ఆ ఒక్క మాటతో వెనక్కి తీసేసుకుంటాం.

కొన్నేళ్ళ క్రితం మా టీమ్‌లో ఒకమ్మాయి ఉండేది, ఎక్కువ మాట్లాడే రకం కాదు. అప్రైజల్‌కి వచ్చి కూర్చుని "నాకు సీనియర్ రోల్ కావాలి సార్. ఈ మూడు పనులూ ఆ లెవల్‌వే" అని ఒక కాగితం నా ముందుకు జరిపింది. జరిపి ఆగిపోయింది. నేను కాగితం చదివాను. చదవడం అయిపోయింది. ఆమె బాటిల్ మూత తీసి, ఒక గుక్క తాగి, మూత మళ్ళీ బిగించింది. ఏసీ చప్పుడు వినిపిస్తోంది. ఇబ్బంది పడుతున్నది నేను.

"ఈ సైకిల్‌లో స్లాట్ లేదు" అన్నాను, అంటే ఈసారి ప్రమోషన్లలో ఖాళీ లేదని. ఆమె తలూపింది, ఏమీ అనలేదు. "అక్టోబర్‌లో మిడ్‌సైకిల్ ప్రమోషన్లున్నాయి. నీ పేరు పెడతాను." ఇది నేను అనాలనుకుని అన్న మాట కాదు.

"మెయిల్‌లో రాస్తారా సార్?"

రాశాను. అక్టోబర్‌లో పేరు పెట్టక తప్పలేదు, మెయిల్ ఉంది కదా.

తర్వాతెప్పుడో టీ దగ్గర చెప్పింది, ఆ రోజు బల్ల కింద తన కాళ్ళు వణుకుతూనే ఉన్నాయని. ఎదురుగా కూర్చున్న నాకు ఏమీ తెలియలేదు. మన లోపలి గాభరా మనం అనుకున్నంతగా బయటికి కనిపించదు. 2003లో అమెరికాలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, స్పీచ్ ఇవ్వబోయే విద్యార్థుల్లో కొందరికి ఈ ఒక్క సంగతి ముందే చెప్పి చూశారు. చెప్పించుకున్నవాళ్ళు మిగతావాళ్ళకంటే మెరుగ్గా మాట్లాడారు.

నీళ్ళ బాటిల్ ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా. నోరు తెరవాలనిపించినప్పుడు ఒక గుక్క తాగండి.

రేటింగ్ తక్కువ వస్తే

ముఖం మారుతుంది, మారనివ్వండి. "నేను ఇది ఊహించలేదు. ఏ సందర్భాలు చూసి ఇలా అనుకున్నారో ఒకటి రెండు చెప్తారా?" అని అడిగి, పెన్ను తీసి రాసుకోండి. రాస్తుంటే చేతికి పని దొరుకుతుంది, అవతలి మనిషి కూడా మాటలు చూసుకుని వాడతాడు. ఏడుపొస్తే "ఐదు నిమిషాల్లో వస్తాను" అని లేచి వెళ్ళి మొహం కడుక్కుని రండి. నా ముందు ఏడ్చినవాళ్ళను నేనెప్పుడూ తక్కువగా అనుకోలేదు. తిట్టినవాళ్ళు మాత్రం గుర్తున్నారు.

మూడు మాటలు నోట్లోనే ఆపుకోవాలి. మొదటిది, "వాడికెలా ఇచ్చారు?" ఇంకొకరి రేటింగ్ గురించి మేనేజర్ మాట్లాడకూడదు, కాబట్టి ఆ ప్రశ్నతో సంభాషణకు తాళం పడుతుంది. రెండోది, ఇంటి ఈఎంఐ, చెల్లెలి పెళ్ళి. మనసు కరుగుతుంది గానీ ఆ కారణం రాయడానికి ఫారంలో గడి లేదు. మూడోది, చేతిలో ఆఫర్ లేకుండా "అయితే పేపర్ పెట్టేస్తాను", అంటే రాజీనామా చేస్తానని. కాలు జారితే తీసుకోవచ్చు గానీ ఆ మాట తీసుకోలేరు. మార్చి బడ్జెట్ల గొడవలో "సరే" అనేసే మేనేజర్లూ ఉంటారు.

అక్కడికక్కడే ఒప్పుకుంటూ బటన్ నొక్కకండి. ఎన్నాళ్ళు గడువుందో అడిగి, రెండు రోజుల తర్వాత ఇంకోసారి కలుద్దామని చెప్పండి. పిప్‌లో, అంటే గడువు పెట్టి పని మెరుగుపరుచుకోమనే ప్లాన్‌లో, పెడుతున్నామంటే ఏం సాధించాలి, ఎప్పటిలోగా, ఎవరు తేలుస్తారు, ఈ మూడూ రాతపూర్వకంగా కావాలనండి.

గొంతు పెంచి తిడితే "కాస్త నెమ్మదించాక మాట్లాడుకుందాం" అని లేచి రావచ్చు. రేటింగ్‌తో ముడిపెట్టి ఆడవాళ్ళతో వెకిలి మాటలు మాట్లాడితే అది అప్రైజల్ విషయమే కాదు. పనిచేసేచోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన ఉద్యోగులున్న ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి. మామూలుగా మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

మేనేజర్ అమెరికాలో ఉంటే

ముందు టైమ్ చూసుకోండి. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. న్యూయార్క్‌లో పొద్దున పదింటి కాల్ మనకు అప్పటిదాకా రాత్రి 8:30కి ఉండేది, ఆ తర్వాత 7:30కే వచ్చేస్తుంది. ఒకరు ఏడాది అప్రైజల్‌కి గంట ఆలస్యంగా చేరారు. పేరు చెప్పను, ఆయన ఇది చదువుతాడు.

స్క్రీన్ మీద మీ మొహం కనిపించకుండా పెట్టుకోండి, లేకపోతే సగం ధ్యాస జుట్టు మీదే ఉంటుంది. "అవును" అనడానికి మనం తల పక్కలకు ఊపుతాం, కొందరు అమెరికన్లకు అది "కాదు"లా కనిపిస్తుంది. నోటితో యెస్ అనండి. టెన్షన్‌లో మన ఇంగ్లీషు ఎక్స్‌ప్రెస్ రైలైపోతుంది కాబట్టి, ప్రతి అంకె చెప్పాక ఒక్క క్షణం ఆగండి.

బయటికొచ్చాక

ఆ సాయంత్రమే నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి. ఏం అనుకున్నాం, ఎవరు ఏం చేస్తామన్నారు, ఎప్పటికి. అంతే, అందులో కోపం పెట్టకండి. వాట్సాప్ గ్రూపులో ఏమీ రాయకండి, స్క్రీన్‌షాట్లకు కాళ్ళుంటాయి. క్యాంటీన్‌లో "ఏమన్నాడు?" అని అడిగితే "మాట్లాడుకున్నాం" అంటే చాలు.

ఒకటి రెండు రాత్రులు నిద్ర సరిగ్గా పట్టకపోవడం మామూలే. రెండు వారాలైనా నిద్ర, ఆకలి సరిగ్గా లేకపోతే, ఆఫీసు గేటు చూడగానే ఊపిరి బిగిసిపోతుంటే టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు, అంటే 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఫైల్ తెరిచి, శుక్రవారం శుక్రవారం రెండు లైన్లు రాసుకోండి. నా ఫైల్లో మొన్నటి శుక్రవారంది ఇంతే ఉంది: "పేమెంట్ బగ్, మంగళవారం రాత్రి, లాగ్స్‌లో నేనే పట్టాను. టెస్టింగ్ వాళ్ళు సాయం చేశారు, వాళ్ళ మేనేజర్‌కి మెయిల్ పెట్టాలి."