కుట్లు వేసే ముందు మత్తు లెక్క

మహారాష్ట్రలోని సిరొంచకు కొత్తగా పోస్టింగ్ మీద వచ్చే డాక్టర్లకు నేను మొదట చెప్పేది ఒకటే: లిగ్నోకెయిన్ (గాయం చోటును మొద్దుబార్చే మందు) వయల్ ముట్టుకునే ముందు పేషెంట్ బరువు చూడండి.

నా మొదటి ఏడాది, తునికాకు రోజుల్లో, గొడ్డలి తగిలి కాలు తెగిన పిల్లాణ్ణి ఎత్తుకొచ్చారు. వాడి ఏడుపుకు నాకే టెన్షన్ పట్టుకుని, 2 శాతం వయల్ నుంచి సిరంజిలోకి 5 మి.లీ. లాగేశాను. "సార్, బాబు బరువు చూశారా?" అంటూ సిస్టర్ నా చెయ్యి పట్టుకుంది. వాడు 12 కిలోలు. అడ్రినలిన్ (రక్తనాళాలను బిగించే మందు) కలపని లిగ్నోకెయిన్ పిల్లలకు కిలోకు 3 మి.గ్రా. దాటనివ్వను, అంటే 36 మి.గ్రా. నా చేతిలో ఉన్నది 100.

లెక్క సులువే. శాతాన్ని 10తో గుణిస్తే ఒక మి.లీ.లో ఎన్ని మిల్లీగ్రాములో తెలుస్తుంది. 2 శాతంలో 20. ఆ పిల్లాడికి 1.8 మి.లీ. గాయం పెద్దదైతే దానికి సమానంగా సెలైన్ కలపండి, 1 శాతానికి పలచబడి 3.6 మి.లీ. అవుతుంది. నొప్పి ఆగడానికి 1 శాతం చాలు. అడ్రినలిన్ కలిసిన మందు రక్తంలోకి మెల్లగా చేరుతుంది కాబట్టి కిలోకు 7 మి.గ్రా. వరకు వెళ్లొచ్చు. వేళ్లకు మాత్రం నేను అడ్రినలిన్ లేని ప్లెయినే వాడతాను.

సూదిని తెగిన అంచు లోపలి నుంచే పోనివ్వండి, మంట తక్కువ. కదిపిన ప్రతిసారీ వెనక్కి లాగి రక్తం రావట్లేదని చూసి, మెల్లగా ఎక్కించండి. నొప్పిని మోసే సన్నని నరాలు ముందు మొద్దుబారతాయి, ఒత్తిడి తెలుస్తూనే ఉంటుంది. అందుకే "గుంజినట్టు అనిపిస్తది, నొప్పి ఉండది" అని ముందే చెప్పండి. గోండి, మరాఠీ మాట్లాడేవాళ్లకు సిస్టర్ చేత చెప్పించండి.

చీము గడ్డలో మందు పనిచేయట్లేదని ఇంకా ఇంకా ఎక్కించకండి. విద్యుదావేశం (ఛార్జ్) లేని మందు కణాలే నరం పొర దాటి లోపలికి వెళ్తాయి, లోపల ఆవేశం తెచ్చుకుని నొప్పి కబురు సాగడానికి కావాల్సిన సోడియం దారులను మూస్తాయి. చీము దగ్గర ఆమ్లం ఎక్కువ, మందు బయటే ఆవేశం పొంది ఆగిపోతుంది. గడ్డ చుట్టూ మంచి చర్మంలో ఇవ్వండి.

ఇస్తున్నంతసేపూ పేషెంట్‌తో మాట్లాడుతూ ఉండండి. మూతి చుట్టూ తిమ్మిరి, నాలుక మీద ఇనుము రుచి, చెవుల్లో హోరు అన్నారంటే మందు రక్తంలో ఎక్కువైనట్టే, అక్కడే ఆపేసి ఆక్సిజన్ పెట్టండి. తర్వాత వచ్చేది ఫిట్సు, ఆపైన గుండె లయ తప్పడం. దానికి విరుగుడు 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రవం), కిలోకు 1.5 మి.లీ. చొప్పున, ట్రేలో ఉందో లేదో డ్యూటీ ఎక్కగానే చూసుకోండి.