పిల్లగాన్ని కుస్తీల దింపాలంటే, రేపు కోచ్ చేయాలంటే

పిల్లగానికి కుస్తీ నేర్పిద్దామనుకుంటే ముందుగాల తాలీంకు, అంటే కుస్తీ నేర్పే జాగకు పోయి, ఉస్తాద్ (నేర్పేటాయన) పిల్లలతోని ఎట్ల మాట్లాడుతుండో చూడుండ్రి. హన్మకొండల మేం పొద్దుగాల అయిదింటికే పోయి అంజన్నకు దండం పెట్టి, మట్టి ముట్టి నుదుటికి పెట్టుకున్నంకనే లోపలికి దిగేది, ఆ దండం మనసుతోని పెట్టినోడు ఎదుటోన్ని కావాలని దెబ్బతీయడు, నేనైతే గట్టిగ నమ్ముత.

మొదట్ల పట్లు అడగొద్దు, దండీలు (నేల మీద చేతులాన్చి ఒళ్లు లేపుడు), బస్కీలే (గుంజీల లెక్క కూసొని లేసుడు). మెడ కోసం బ్రిడ్జి చేయాలె, వెల్లకిల పండుకొని తల, పాదాల మీద ఒళ్లంతా లేపుడన్నట్టు, కానీ మొదట్ల చేతులు ఆనించే చేయాలె, నేను తొందరపడి చేతులు తీసేస్తే మెడ పట్టేసి నెల రోజులు పక్కకు తిరగరాలే.

మట్టి అలవాటైనా మ్యాట్ మీద, అంటే పోటీల పరిచే మెత్తటి పరుపు మీద, ఆడుడు నేర్వాల్సిందే. అక్కడ పెద్దోళ్ల పోటీలల్ల మూడేసి నిమిషాలు రెండు రౌండ్లు, ఆగి చూస్తా అంటే టైమ్ అయిపోతది. మట్టిల పెరిగిన మన దేశపు పహిల్వాన్ కె.డి. జాదవ్ గూడ మ్యాట్ మీద 1948 లండన్ ఒలింపిక్స్‌ల ఆరో స్థానంల ఆగి, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌ల కాంస్యం తెచ్చిండు.

బరువు తగ్గనీకి నీళ్లు బంద్ చేసుడు, మాత్రలు మింగుడు అస్సలు వద్దు.

కోచ్ కావాలంటే పటియాలాల ఉన్న ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ)ల కోర్సు చేయొచ్చు. ఓడిన పిల్లగాన్ని మాత్రం అందరి ముందట తిట్టకుండ్రి, భుజం మీద తువ్వాల కప్పి నీళ్లు తాపుండ్రి, తప్పు ఏడ జరిగిందో తెల్లారి పొద్దుగాల దండం పెట్టుకున్నంక చెప్పుండ్రి.