చిన్న పడవ కారుతోందా? ముగ్గుపిండితో మొదలుపెట్టండి

ప్లైవుడ్ షీట్లను ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) అతికించి ఇంటి దగ్గరే చేసుకునే పదడుగుల పడవ గురించి ఇది. విజయవాడలో మా పెరట్లో పడవ చేసి, విప్పి, మళ్లీ చేసి నేర్చుకున్న సంగతులు.

సమస్య: అరగంటలో అడుగున చెంబెడు నీళ్లు చేరుతున్నాయి

నీళ్లు నిలిచిన చోటే కారుతోందనుకోవద్దు. ఎక్కడో అతుకులోంచో, స్క్రూ రంధ్రంలోంచో వచ్చి పల్లానికి చేరతాయి. పడవను రెండు స్టూళ్ల మీద పెట్టి, బయటివైపు తుడిచి ఆరబెట్టి, అతుకుల వెంట పొడి ముగ్గుపిండి అద్దండి. లోపల బిందెడు నీళ్లు పోసి అటూ ఇటూ వంచండి. కాసేపటికి తెల్లటి పిండిలో ఒకచోట బూడిదరంగు మచ్చ లేస్తుంది. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, చిల్లు అక్కడే.

నీళ్లు తీసేసి రెండు మూడు రోజులు బాగా ఆరనివ్వండి. తడి మీద ఏది పూసినా ఊడొస్తుంది. రంగు గీకి, ఎపాక్సీలో మెత్తటి రంపపు పొట్టు చిక్కగా కలిపి సందులో కూరి, పైన మూడు వేళ్ల వెడల్పు ఫైబర్‌గ్లాస్ గుడ్డ అతికించండి. ఈ పని ఎండ దిగాక చేయాలి. పొద్దున ఎండెక్కుతుంటే చెక్కలోని గాలి వేడెక్కి బుడగలు తేలతాయి.

"నీళ్లలో నానితే ఉబ్బి అదే మూసుకుంటుంది" అంటారు పెద్దవాళ్లు. అసలు చెక్క పలకలతో చేసిన పాతకాలపు పడవకి అది నిజమే. ప్లైవుడ్‌ని నానబెడితే మాత్రం పాడవుతుంది.

సమస్య: ఎపాక్సీ రెండ్రోజులైనా జిగటగానే ఉంది

కొలత తప్పి ఉంటుంది. హార్డెనర్ (ఎపాక్సీని గట్టిపరిచే రెండో ద్రవం) పైన ఇంకాస్త పోసినంత మాత్రాన గట్టిపడదు. మెత్తగా ఉన్నదంతా గీకేసి, ఏసిటోన్‌తో తుడిచి, డబ్బా మీద రాసిన కొలత ప్రకారం తూకం వేసి మళ్లీ కలపండి. మే నెలలో మగ్గు నిండా కలిపితే నిమిషాల్లో పొగలు కక్కి రాయవుతుంది. కొంచెం కొంచెంగా, వెడల్పాటి పళ్లెంలో కలపండి.

గట్టిపడ్డా పైన జిడ్డు పొర ఉంటే అది ఉక్క వల్ల. నీళ్లతో పీచు పెట్టి రుద్ది కడిగాకే సాండ్‌పేపర్ పట్టండి.

సమస్య: ప్లైవుడ్ పొరలు విడుతున్నాయి

ఫర్నిచర్ ప్లై వాడి ఉంటారు, లేదా అంచులకి ఎపాక్సీ తాపి ఉండరు. డబ్బు మిగులుతుందని నేనూ మామూలు షీటే కొన్నాను, అడుగంతా మార్చాల్సి వచ్చింది. షీటు మీద ఐఎస్ 710 ముద్ర (నీళ్లకు తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ గుర్తు) చూసి కొనండి. రంగులో, సీట్లలో పొదుపు చేయండి, ప్లైలో, జిగురులో వద్దు.

సమస్య: కూర్చోగానే ఒరుగుతోంది

సీటు ఎత్తు తగ్గించండి. చాలాసార్లు అదే చాలు.

బాగుచేశాక లైఫ్ జాకెట్ వేసుకుని మోకాల్లోతు నీళ్లలోనే చూడండి. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజుల్లో కృష్ణలోకి అసలు దించొద్దు.