నేల కప్పే మొక్కలు కొనేముందు ఇవి చూసుకోండి

పెరట్లో మామిడి చెట్టు కిందో కాంపౌండ్ వాల్ పక్కనో మట్టి ఖాళీగా వదిలేస్తే ఎండకి అట్టకట్టేస్తుంది, వానకి కొట్టుకుపోతుంది, మిగతాదంతా కలుపే. అలాంటి చోట నేల మీద పాకే మొక్కలు చాలా బాగుంటాయి, కానీ నర్సరీలో పువ్వు చూసి మనసుపడి కొనేయకండి, ముందు అక్కడ ఎండ ఎన్ని గంటలు పడుతోందో, నీళ్లు నిలుస్తాయో లేదో ఒక రోజంతా గమనించండి.

ఐదారు గంటలు ఎండ ఉంటే టేబుల్ రోజ్ పెట్టేయండి, చిన్న కొమ్మ తుంచి గుచ్చినా బతికేస్తుంది, నీళ్లు నిలిస్తే మాత్రం కాడలు కుళ్లిపోతాయి. నీడగా, ఎప్పుడూ తడిగా ఉండే చోటైతే, అంటే కుళాయి దగ్గర లాంటి చోట, సరస్వతి ఆకు హాయిగా అల్లుకుంటుంది, దాని తీగ కణుపు మట్టికి తగిలిన ప్రతిచోటా వేరు దిగుతుంది, పైగా పచ్చడికి ఆకు ఇంట్లోనే దొరుకుతుంది.

కొంచెం ఎండ కొంచెం నీడ పడే చోటికి నా ఓటు పినట్ గ్రాస్‌కే. పేరుకి గ్రాస్ గానీ ఇది వేరుశెనగకి దగ్గరి చుట్టం, అవే ఆకులు, అవే చిన్న పసుపు పూలు, ఒక మొక్క పీకి చూస్తే వేళ్లకి బుడిపెలు కూడా కనిపిస్తాయి, వాటిలో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి యూరియా గోల ఉండదు. మాటిమాటికీ కత్తిరించే పని కూడా తక్కువే.

వెడేలియా జోలికి మాత్రం వెళ్లొద్దు ప్లీజ్. పసుపు పూలతో ముచ్చటగా ఉంటుంది, తొందరగా కమ్మేస్తుంది, కానీ ఆగదు, పక్క మొక్కల్ని మింగేస్తుంది, ప్రపంచంలో అతి చెడ్డ 100 ఇన్వేసివ్ జాతుల (అంటే బయటి నుంచి వచ్చి అక్కడివాటిని తొక్కేసేవాటి) లిస్టులో అది కూడా ఉంది.

ఇక అసలు పని తుంగ తీయడం. పైన పీకితే లాభం లేదు, కింద నల్లటి గడ్డలు ఉండిపోతాయి, మళ్లీ వారంలో పచ్చగా లేస్తుంది. పారతో జానెడు లోతు తవ్వి గడ్డలు ఏరేయండి, ఒక తడి పెట్టి పది పదిహేను రోజులు ఆగండి, మళ్లీ మొలిచినవాటిని గడ్డతో సహా తీసేయండి, ఆ తర్వాతే నాటండి. మొక్కలు కమ్ముకున్నాక మధ్యలోంచి తుంగ లాగాలంటే నరకమే.

తొలకరి పడ్డాక జానెడు దూరంలో ఒక్కో కొమ్మ నాటితే సరిపోతుంది, దగ్గరదగ్గరగా కొనిపెట్టి డబ్బులు తగలేయక్కర్లేదు, అవి కలుసుకునే దాకా మధ్యలో కలుపు చేత్తో తీస్తూ ఉండండి.